రెండో పోస్ట్‌మార్టం

కెల్లీవిల్, సిడ్నీ
నవంబరు 1999

అత్తయ్యగారికి నమస్కారాలు. మేం క్షేమం. ఈసారి ఆ మాట పళ్ళు బిగబట్టి రాయడం లేదు, ఎగిరి గంతేసి రాస్తున్నా. మీ అబ్బాయి మీద కేసు ఎత్తేశారు!

"మా వెంకీ ఆ ఇంటి యజమానితో గొడవపడ్డ మాట నిజమేనా?" అని అడిగారు. నిజమే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా చూసే వైటూకే పని కోసమని ఆఫీసువాళ్ళిచ్చిన పేజరు, సరిగ్గా కింది వాటాలో మా ఇంటాయన గియాసుద్దీన్ అంకుల్ నమాజు వేళకే మోగేది. ఆ ఉదయం ఇద్దరూ వీధంతా వినపడేలా అరుచుకున్నారు. కాసేపటికి అంకుల్ మెట్ల కింద తల పగిలి పడివున్నారు. మీ పుత్రరత్నం ఏం చేశాడు? అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆయన భార్య అమీనా ఆంటీ చూస్తే తట్టుకోలేరని మెట్లమీది రక్తం కడిగేశాడు! తోసి చంపి సాక్ష్యం చెరిపేశాడని లోపలేశారు పోలీసులు. తలకి తగిలిన దెబ్బవల్లే పోయి ఉంటారని మొదటి పోస్ట్‌మార్టంలో రాశారు.

"పోయినాయన్ని మళ్ళీ కోయించడం పాపం కాదా?" అన్నారు. హత్య అనుమానం ఉంటే మొదటిదాన్ని కుటుంబం వద్దన్నా ఇక్కడ ఆపరు. మన తరఫు డాక్టరు మళ్ళీ చూడాలంటే మాత్రం అనుమానపు చావుల్ని విచారించే కరోనర్ ఒప్పుకోవాలి. పోయినవాళ్ళ కుటుంబం ఏమంటుందో కూడా ఆ కరోనర్ వింటాడు. ముస్లింలలో వీలైనంత త్వరగా ఖననం చేసెయ్యాలి. చేసేస్తే మన పని అయిపోయినట్టే.

మీకు చెప్పని మాట ఒకటుంది. లాయరు వద్దన్నా నేను ఆంటీ దగ్గరికెళ్ళాను.

"గెటవుట్! మా డాడ్‌ని చంపింది చాలదా?" అని వాళ్ళబ్బాయి ఫైజాన్ తలుపెయ్యబోయాడు. నేను గుమ్మంలోంచి కదల్లేదు.

"ఖననం ఆపండి ఆంటీ, ఇంకోసారి చూడనివ్వండి" అన్నాను.

ఆంటీ చాలాసేపు ఏడ్చారు. "రక్తం ఎందుకు కడిగాడమ్మాయ్?" అన్నారు.

"మీ కంట పడకూడదని."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కొడుకువైపు తిరిగారు. "కరోనర్ ఆఫీస్‌కి ఫోన్ చెయ్యరా. మనకి ఆబ్జెక్షన్ లేదని చెప్పు. నిజం తెలీకుండా మీ అబ్బాని మట్టిలో పెట్టను."

రెండో పోస్ట్‌మార్టంలో తేలిపోయింది అత్తయ్యా! గుండెకెళ్ళే రక్తనాళం మూసుకుపోయి అంకుల్ కుప్పకూలారు. తలకి తగిలింది పడ్డప్పటి పైదెబ్బే. మొదటి డాక్టరూ ఒప్పుకున్నాడు.

నిన్న మసీదు దగ్గర అంకుల్ జనాజా, అదే పాడె, ఎత్తబోతుంటే ఆంటీ అడ్డుపడ్డారు. "వెంకీని వదిలేశారట, వస్తున్నాడు. ఆగండి" అన్నారు. పెద్దలు గొణిగారు. ఆవిడ కదిలితేగా!

మీ అబ్బాయి వచ్చి, మొహం చెల్లక గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఫైజాన్ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "కమాన్ మేట్, డాడ్ వెయిటింగ్" అన్నాడు.

మీ అబ్బాయి అంకుల్‌ని భుజాన మోశాడు అత్తయ్యా.

ఇట్లు,
తలెత్తుకు తిరుగుతున్న మీ కోడలు,
స్నేహ