డాబా మీద ఆరిన పుస్తకాలు

శనివారం

రిటైరై మంగళగిరి వెళ్లిపోతూ మేరీ టీచర్ గారు తన పుస్తకాలన్నీ నాకిచ్చేశారు. కానీ ఆవిడ వాటిని కట్టించింది పాత మిరపకాయల గోతంలో! మూతి విప్పగానే నాకూ అత్తయ్యకీ ఒకటే తుమ్ములు.

"కాయలు ఆరబోసినట్టు డాబా మీద పరిచెయ్యవే, ఘాటు పోద్ది" అంది అత్తయ్య. పట్టా వేసి పరిచాం. హత్యల నవల పక్కన వంటల పుస్తకం, ఆ పక్కన నక్షత్రాలు, పత్తి పురుగులు, ప్రేమకథలు, సైకిల్ మీద దేశం తిరిగినాయన కబుర్లు... తిరగేసిన ప్రతిదాన్లోనూ ఓ పేజీ చదివేశాను. ఎక్కడ ఆగాలో తెలిస్తేగా!

అత్తయ్యకి చదువు రాదు. హత్యల నవల పైకి చదివి వినిపించాను. సగం అయింది.

సాయంత్రం మా ఆయన వచ్చి, "రేపు కాయలు పొయ్యాలి, డాబా ఖాళీ చెయ్యండి" అన్నారు. అత్తయ్య ఆ నవలే తీసి వాసన చూసి, "ఇంకా ఘాటు పోలేదురా. కాయలు కల్లంలోనే పోసుకో" అంది. నాకైతే మధ్యాహ్నం నుంచే ఏ ఘాటూ తగల్లేదు.

ఇప్పుడే చూశాను, ఆ నవలకి చివరి పేజీలు లేవు. రేపు పొద్దుటికల్లా హంతకుడెవరో నేనే తేల్చాలి.