ముక్కు తగ్గించని బొమ్మ

ట్రాయ్, మిషిగన్
ఫిబ్రవరి 11, 2007

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ పద్మ, అల్లుడు నిశాంత్, నేను క్షేమం. ఉత్తరం నిండా అంత కోపం కుమ్మరించారంటే మీరూ ఓపికగానే ఉన్నారనుకుంటాను. అడిగారు కదా, బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. ఫోనులో అయితే మాట పూర్తి కానివ్వరు, అందుకే రాస్తున్నాను.

“నీ బొమ్మ గీయడానికి ఆ ఫ్రెంచివాడెవడు?” అన్నారు. ఎటియెన్ గారు మా పక్కింటాయన. డెబ్భై దాటాయి. చిన్నప్పటి నుంచీ కార్టూన్లు గీయడమే పని. పెన్సిల్ ముట్టరు, ఒకేసారి సిరాతో గీసేస్తారు. వాళ్ళ దేశంలో పత్రిక యజమాని తన బావమరిది బొజ్జ కాస్త తగ్గించి గీయమన్నాడట. ఈయన ససేమిరా అన్నారు. ఉద్యోగం పోయింది. ఇక్కడికొచ్చి పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసి బతికారు. ఇదంతా పద్మ తెలుగులో చెబితే విన్నాను.

ఇప్పుడు మా వీధివాళ్ళ బొమ్మలతో పుస్తకం వేస్తున్నారు. అందులో నేను చీర ఎగ్గట్టి, పైన అల్లుడి కోటు తొడిగి, పెట్టెలో తెచ్చుకున్న కొబ్బరి చీపురుతో గుమ్మం ముందు మంచు ఊడుస్తున్నాను. ముక్కు చూసి నాకూ ఒళ్ళు మండింది. “ఇంత ముక్కా నాది?” అన్నాను. పద్మ ఆ మాట చెప్పగానే ఆయన అద్దం తెచ్చిచ్చారు. చూసుకుని పడీ పడీ నవ్వాను.

అల్లుడు మాత్రం నవ్వలేదు. “అత్తయ్యా, ఆఫీస్‌లో అందరూ చూస్తారు. ఎంబరాసింగ్‌గా ఉంటుంది. ఆ పేజీ డ్రాప్ చేయమని చెప్పండి, ప్లీజ్,” అన్నాడు. మీరేమో పరువు పోతుందని రాశారు. మన గుమ్మం మనం ఊడ్చుకుంటే పోయే పరువు ఉంటే ఎంత, పోతే ఎంత?

ఇక అసలు సంగతి చెబుతాను, కోప్పడితే కోప్పడండి. నిన్న ఎటియెన్ గారు పద్మ చేత అడిగించారు. వద్దంటే బొమ్మ తీసేస్తారట, ముక్కు మాత్రం తగ్గించరట. “వేసెయ్యమను,” అన్నాను. పద్మ నా మాట ఆయనకి చెప్పి, నా చెయ్యి పట్టుకుంది. బొమ్మ అచ్చుకి వెళ్ళిపోయింది. అల్లుడికి ఇంకా తెలియదు. సాయంత్రం ఇంటికి రాగానే నేనే చెబుతాను. అలిగితే అలగనీ.

మన పెళ్ళి ఫొటోలో తల దించుకోమన్నారు, దించుకున్నాను. ఆ తరువాత ఎవరూ చెప్పకపోయినా దించుకున్నాను. మనింట్లో ఏ ఫొటోలోనూ నా మొహం సరిగ్గా కనబడదు. ఈ బొమ్మలో ముక్కుతో సహా కనబడుతున్నాను. తీయించను.

ఇట్లు,
మీ ఇల్లాలు
ధనమ్మ