వెనక బెంచికి వినవడ్డ నాటకం

బాపూ,

ఎట్లున్నవ్? నువ్వు పోయినంక ఇది రెండో వానకాలం. మేం మంచిగనే ఉన్నం.

మీరు నాటకాలాడిన బొగ్గుబాయి పాత క్లబ్బు హాలు కూలగొట్టి, ఆడనే కొత్తది కట్టిన్రు. డ్రాయింగులు నేనే గీసిన.

నాటకం, కవ్వాలి, మీటింగు, పెండ్లి... అన్నిటికీ ఒక్కటే హాలు కావాలన్నరు క్లబ్బు కమిటోళ్లు. పాటకైతే గొంతు హాల్ల కొంచెంసేపు మోగాలె. నాటకానికి మాట ఎంటనే ఆగాలె, లేకుంటే ఒకదాని మీద ఒకటి పడి గోలైతది. అందుకే రెండు పక్కల గోడలకు మందం పరదాలు గీసిన. నాటకమప్పుడు గోడ నిండ గుంజాలె, పాటప్పుడు పక్కకు జరుపాలె.

కమిటీ ఒప్పుకోలే. బొగ్గు దుమ్ముకు పరదాలు ఎన్ని దినాలుంటయన్నరు. గోడలకు నున్నటి గ్రానైటు చాలన్నరు. దుమ్ము మాట నిజమే గదా? పరదాలు లోపలికి పోయేటట్టు తలుపుల అల్మారలు గీసిన. అయినా వద్దన్నరు.

ఇగ ఏం జెయ్యాలె... సగం కట్టిన హాల్ల వాళ్లను వెనక కూసోవెట్టి, స్టేజి మీదికెక్కి నువ్వు రాసిన నాటకంల మాటలే చెప్పిన. ఒక్క ముక్క సమజ్ కాలేదన్నరు. టెంటుహౌజు నుంచి పరుపులు, జంబుఖానాలు తెప్పించి గోడలకు కట్టి మళ్ళ చెప్పిన. ఈసారి ప్రతి మాట వినవడ్డదన్నరు. పరదాలకు సంతకం పెట్టిన్రు.

మొదటి ఆట మీ బ్యాచే ఆడింది. నీ వేషం రహీం కాక కట్టిండు. ఎట్ల చేసిండంటవా? బాగనే చేసిండు... నీ అంత కాదు. పక్క నుంచి మాటలందించే ఆయన గుసగుస గూడ జనానికి వినవడి ఒకటే నవ్వు.

అమ్మ అలవాటు కొద్దీ ఆడోళ్లతోని వెనక వరుసలనే కూసున్నది. నువ్వేమో "గొంతు చించుకుంటె మాట సచ్చిపోతది బిడ్డా" అనెటోనివి. నువ్వు మెల్లగ చెప్పే ఆఖరి సీను పాత హాల్ల అమ్మకు ఎన్నడూ వినవడలేదట, ఈ ఆటలనే మొదటిసారి విన్నది. డ్యూటీ దిగొచ్చిన మొగడు పెండ్లాంతోని అనే మాట... "నువ్వు తలుపుకాడ నిలవడ్డవేమోనని జల్ది నడుస్త."

ఇంటికొచ్చేటప్పుడు ఆటోల అడిగింది, గా మాట మీ బాపు ఎవల మీద రాసిండని. నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పనే లేదు...

అమ్మ కొంగుతోని మొఖం తుడుసుకున్నది.

వచ్చే ఆదివారం మళ్ళ ఆడుతరట. అమ్మ ముందు వరుసల కూసుంటనన్నది. నేను తోలుకపోత, ఫికర్ జెయ్యకు.

నీ బిడ్డ