మూత లోపలి చుక్క

సెంటిమియే,
అక్టోబరు 9, 1971

న్యూమా అన్నయ్యకు,

దీంతో పాటు ఒక చేతిగడియారం పంపుతున్నాను. ఆదివారం సంతలో కొన్నాను. అది నడవడం లేదు. వెనక మూత తీసి చూపించమంటే, "ఆగిపోయినదానికి ఇంత పరీక్షేంటమ్మా, కొంటే కొను," అని అమ్మేవాడు విసుక్కున్నాడు.

బాగుచేసిన ప్రతివాళ్లూ మూత లోపల సూదితో తమ గుర్తూ తేదీ గీస్తారు కదా. ఇందులో ఒక్కటే గుర్తు ఉంది, తోక లేని చేప. "బావా, ఆ చేపకి తోకెప్పుడు మొలుస్తుంది?" అని మా ఆయన ఓరెల్‌ని ఏడిపించింది నువ్వే. పక్కన 1964 సెప్టెంబరు అని ఉంది. అంటే, ఆయన ఇల్లు వదిలి వెళ్లిన మూడేళ్లకు.

డయలు మీద పేరు చెరిగిపోయింది. లోపల యంత్రం మీద చిన్న నక్షత్రం, ఆరంకెల నంబరు ఉన్నాయి. వాటిని పట్టి అది ఎవరి తయారీయో, ఏ ఊరి దుకాణానికి వెళ్లిందో నీ దగ్గరున్న తయారీదారుల పట్టికల్లో చూసి నువ్వు కనుక్కోగలవు. ఆయన దాన్ని బాగుచేసింది ఆ ఊళ్లోనే అయ్యుండొచ్చు. వెళ్లి ఆయన్ని నిలదీయడానికి కాదు. ఊరి పేరు తెలిస్తే చాలు.

మేమిద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేసే రోజుల్లో, నేను గడియారం నడక సరిచూసి "సరే" అన్నాకే ఆయన చేప పక్కన చుక్క పెట్టేవారు. ఈ చేప పక్కన కూడా చుక్క ఉంది. అక్కడ ఎవరు సరే అన్నారో, లేక అలవాటుకొద్దీ పెట్టేశారో నాకు తెలియదు.

దీన్ని మాత్రం బాగుచేయకు అన్నయ్యా. చేస్తే ఆ చుక్క కింద నీ గుర్తు గీయాల్సి వస్తుంది.

నీ చెల్లెలు