జడ కట్టిన కిటికీ

నాన్నగారూ,

ఇవాళ మీ సంవత్సరీకం. ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. చేరేదైతే రాసే ధైర్యం నాకుండేది కాదు.

మొన్న పాపను కాకినాడలో డాక్టరుగారికి చూపించాం. మూడో తరగతికి వచ్చినా ఐదో ఎక్కం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, క్లాసులో ఒక్కచోట కూర్చోదు. ఆయన దాన్ని చాలాసేపు ఆడించి, "ఇది బద్ధకం కాదమ్మా, దృష్టి నిలవని సమస్య. కదలొద్దంటే పాప శక్తంతా కదలకుండా ఉండడానికే సరిపోతుంది" అన్నారు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉండేవారా అని అడిగారు.

నా పేరే చెప్పబోయాను. తోడు వచ్చిన మీ అక్కయ్య ఈలోగా నవ్వేసింది. "మా తమ్ముడేనండి, ఈ పిల్ల తాత. కూర్చోబెడితే ఒక్క ముక్క వచ్చేది కాదు. మా అమ్మ వాడి చేత పిండి రుబ్బిస్తూ ఎక్కాలు చెప్పించేది. అలాగే లెక్కల మాస్టారయ్యాడు."

నాకు మాత్రం మీరు బద్ధకమని పేరు పెట్టారు. ఎక్కం వచ్చేదాకా లేవకుండా నా జడను రిబ్బనుతో కిటికీ ఊచకు కట్టేవారు. తెలియక చేశారనుకుని, ఇన్నేళ్ళూ అందరి దగ్గరా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను.

పొద్దున మీ గారెల పిండి రోట్లో పాప చేత రుబ్బించాను, నేనూ ఓ చెయ్యి వేసి. ఐదో ఎక్కం సగంలో తడబడింది. రుబ్బడం ఆపకుండానే మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

ఆ రోలు మన పెరట్లో ఎప్పుడూ అక్కడే ఉండేది నాన్నగారూ. మీరు నన్ను కట్టేసిన కిటికీలోంచి కనిపించేది.