తెర మీద కన్నీటి చుక్క

ప్రియమైన శ్రీవారికి,

మీరు గీసిన తెర మా నాటక కంపెనీకి అందింది. నలుగురు పట్టుకుని విప్పారు. కామిక్ పుస్తకంలో ఏడ్చే అమ్మాయిని గోడంత చేశారు కదా! బుగ్గల నిండా ఎర్రచుక్కలు, నీలం జుట్టు, కంటి కింద గుమ్మడికాయంత కన్నీటి చుక్క. దీన్ని పాప్ ఆర్ట్ అంటారని మేనేజరుకి చెప్పాను. అర్థమైనట్టు తలూపాడు. స్టేజీ మీద నుంచి చూస్తే మాకు ఒట్టి చుక్కలే.

ఇరవయ్యేళ్లు కాఫీ ట్రే పట్టుకొచ్చి వెళ్లిపోయే వేషాలు వేశాను. ఇప్పుడు కదా హీరోయిన్ని! మూడో అంకంలో తెర ముందు పక్కకి తిరిగి, మాట లేకుండా ఒక నిమిషం ఏడవాలి. ఏడుస్తున్నాను. జనం నవ్వుతున్నారు. రోజూ అక్కడే. నెలాఖరు దాకా చూసి వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు మేనేజరు. ఎందుకు నవ్వుతున్నారండీ?

మీ హీరోయిన్

ప్రియమైన హీరోయిన్ గారికి,

నటన సంగతి నాకేం తెలుసు, రంగులు కలుపుకునేవాణ్ణి. అక్కడి జనం అంతేనేమో. మరీ కష్టంగా ఉంటే వచ్చెయ్. వంటింటి కుళాయి బాగు చేయించాను. నీ కుర్చీకి రంగు వేశాను, ఆరింది కూడా.

నీ పెయింటరు

ఏమండీ,

వేషం పోయింది. కొత్తమ్మాయికి ఇచ్చారు. నిన్న మ్యాటినీకి మొదటిసారి జనంలో, ఆఖరి వరసలో కూర్చున్నాను. ఇక్కడి హాళ్ల కప్పు ఎత్తు తక్కువ. తెర పట్టక అడుగున చుట్టేశారు, దాంతో మొహమంతా కిందికి దిగింది. ఆ అమ్మాయి పక్కకి తిరిగి ఏడవగానే మీ కన్నీటి చుక్క సరిగ్గా ఆమె ముక్కు కొసన వేలాడింది. పైగా రుమాలు తీసింది. హాలంతా గొల్లుమంది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఎత్తు పద్నాలుగడుగులని మీకు రెండుసార్లు రాశాను. ఇది ఇరవై ఉంది. వెంట్రుకవాసి తేడా వస్తే మళ్లీ గీసే మనిషి మీరు. ఎలా జరిగింది?

ఇట్లు,
మీ భార్య

ప్రియమైన నీకు,

పొరపాటు కాదు. నువ్వు కొలతా, ఏడుస్తూ నిలబడే చోటూ రాసిన కాగితం నా ఎదురుగా గోడకే అంటించి ఉంది. అది చూస్తూనే ఇరవై గీశాను. చుక్క ఎక్కడికి దిగుతుందో చూసుకునే గీశాను. నాలుగు నెలల టూరని వెళ్లావు, మూడేళ్లయింది. జనం చప్పట్లు కొడితే ఇక రావనుకున్నాను. నవ్వితే వస్తావనుకున్నాను. సిగ్గుగా ఉంది. పది రోజుల్లో సరైన తెర పంపుతాను. రమ్మని అడిగే మొహం నాకు లేదు.

తప్పు చేసిన పెయింటరు

ఏమండీ,

కొత్త తెర వద్దు. మేనేజరుని లాక్కెళ్లి ఆఖరి వరసలో కూర్చోబెట్టి చూపించాను. నవ్వీ నవ్వీ వేషం నాకే తిరిగిచ్చాడు. ఇప్పుడు కావాలనే చుక్క కిందికి వెళ్లి నిలబడి, మూడు లెక్కపెట్టి, ముక్కు చీదుతున్నాను. హాలు దద్దరిల్లుతోంది. ఇంకో ఏడాది తిరగమంటున్నారు.

నా కోపం పోలేదు. ఉత్తరాల్లో తిట్టడం నాకు చేతకాదు, మనిషి ఎదురుగా ఉండాలి. ఊరూరా చుట్టీ విప్పీ తెర రంగు రాలుతోంది, కంపెనీకి పెయింటరు కావాలి. మేనేజరుతో మాట్లాడాను. కుంచెలు తెచ్చుకోండి. ఆ అమ్మాయి రెండో కన్ను పొడిగా ఉంది, దానికీ ఒక చుక్క వెయ్యాలి. ఎత్తు మాత్రం ఉత్తరంలో రాయను. తెర ముందు నేను నిలబడతాను, టేపు మీరు పట్టుకోండి.

మీ హీరోయిన్