బెల్టు తీయించనా, ఉంచనా?

మౌనమ్మకి ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. బడి సెలవులు అయ్యేదాకా ఇక్కడ రాళ్ల లారీ తోలడమే పని. రేకుల షెడ్డులో పడక, దుమ్ముతో స్నానం. కొండల మధ్య ఫోను పలకదు కాబట్టి ఉత్తరాలే గతి. అవి కూడా ఏ లారీ పట్నం పోతే ఆ డ్రైవరు జేబులో పోతాయి. వాడికి గుర్తుంటే పోస్టవుతాయి.

వచ్చే తొందరలో ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. బడి పిల్లల్ని తిప్పే మన వ్యానుకి టైమింగ్ బెల్టు మార్చాలి. ఇంజినులో కింద ఒక చక్రం, పైన ఒక చక్రం ఉంటాయి. రెండూ ఒక లెక్కలో తిరగాలి. వాటిని కలిపి తిప్పే పళ్ల పట్టీయే ఈ బెల్టు. డీజిలు బండికి అది నడిరోడ్డు మీద తెగిందంటే లోపలి సామాను ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజిను మొత్తం తుక్కవుతుంది. మన బతుకంతా ఆ బండి మీదే ఉంది.

బడి తెరిచే ముందు పెద్ద టీచరు ఇంటికొచ్చి బండి చూస్తానన్నారు. స్టార్టు కాకపోతే పిల్లల్ని నీలం వ్యానువాడికి అప్పగిస్తారు. వాడు గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాడు. కాబట్టి గ్రీజు బాబాయిని పిలిపించి పని చేయించు. నీ సొంత తెలివి మాత్రం ఉపయోగించకు. ఏ అనుమానం వచ్చినా నాకు రాయి. నేను రాసింది రాసినట్టు చెయ్యి.

ఇట్లు,
నీ భర్త

తా.క. బాబాయితో తలుపు వెనకనుంచి కాకుండా ఎదురుగా వచ్చి మాట్లాడు. ఆయన మెకానిక్కే, పులి కాదు.

*

మా వారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అత్తయ్యగారు వెంటనే వెళ్లి బాబాయిగారిని పిలుచుకొచ్చారు. నేను ఎదురుగా వెళ్లి మాట్లాడదామనే అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను కూడా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. అందుకని నేను తలుపు వెనక నిలబడి చెబుతుంటే, అత్తయ్యగారు ఆయనకి చెప్పారు. నేను "బెల్టు మార్చాలట" అన్నాను. అత్తయ్యగారు "బెల్టు మార్చాలట, ఇదే సందని ఇంకేమీ ఊడబెరక్కు, మీ నాన్న కూడా అంతే" అన్నారు.

బాబాయిగారు బండి ముందు భాగం విప్పి, మూత తీసి, పాత బెల్టు బయటికి లాగి మెట్టు మీద పెట్టారు. అది చూస్తే నిక్షేపంలా ఉంది. ఒక్క పన్ను ఊడలేదు. అత్తయ్యగారు చేత్తో తడిమి, "నా పళ్లకంటే ఇవే నయం. దీన్నెందుకు మార్చడం?" అన్నారు.

"పైకి అలాగే ఉంటుంది వదినా. వంచి పళ్ల సందుల్లో చూడు" అన్నారు బాబాయిగారు. నిజమే, సందుల్లో సన్నటి చీలికలు ఉన్నాయి.

బెల్టుని బిగించి పట్టే బేరింగు ఒకటి ఉంటుందట. అదీ అరిగింది, దాన్ని కూడా మార్చమన్నారు. మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అందులో బేరింగు లేదు. అందుకని వద్దని చెప్పించాను. ఆయన కొత్త బెల్టు కోసం బజారుకి వెళ్లారు. వచ్చి బిగిస్తారు.

ఇట్లు,
మీ మౌనమ్మ

తా.క. ఆయన అటు వెళ్లాక ఇంజినులోకి తొంగి చూశాను. చక్రాల మీద ఎవరో తెల్లరంగు చుక్కలు పెట్టి పాడుచేశారు. పరాయి మనిషి ముందు మన బండి అలా కనపడితే నాకు సిగ్గేసింది. కిరసనాయిలు గుడ్డతో ఒక్క చుక్క లేకుండా తుడిచేశాను. మీరు చూస్తే సంతోషిస్తారు.

*

మౌనమ్మా,

ఆశీస్సులు తర్వాత. నువ్వు తుడిచింది మరకల్ని కాదు, బాబాయి పెట్టుకున్న గుర్తుల్ని! పై చక్రం ఎక్కడ నిలవాలో, కింది చక్రం ఎక్కడ నిలవాలో ఆ చుక్కల్ని చూసే కలుపుతారు. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే, తాళం తిప్పిన క్షణంలో ఇంజిను పని అయిపోయినట్టే. నేను సంతోషించలేదు. ముద్ద గొంతుకి అడ్డం పడితే, పక్క డ్రైవరు వీపు మీద గుద్దాక గానీ ఊపిరి ఆడలేదు.

ఈ ఉత్తరం అందేసరికి కొత్త బెల్టు బిగించి ఉంటే వెంటనే తీయించెయ్యి. తాళం ఎవరికీ ఇవ్వకు. బాబాయికి కూడా.

ఇట్లు,
నీ భర్త

తా.క. దయచేసి ఇంకేమీ తుడవకు.

*

(కార్డు)

మౌనమ్మకి ఆశీస్సులు.

నిన్నటి ఉత్తరం చించి పారెయ్యి. ఇక్కడి ఫిట్టరు నా గోల విని పగలబడి నవ్వాడు. చుక్కలు పోతే పోయాయి, చక్రాల మీద కంపెనీవాళ్లు చెక్కిన గీతలు ఎలాగూ ఉంటాయట. బెల్టు బిగించెయ్యమను.

ఇట్లు,
నీ భర్త

తా.క. నిన్నటి ఉత్తరం తీసుకెళ్లిన లారీ దారిలో టైరు పంచరై ఆగిపోయిందట. ఏది ముందు అందుతుందో ఆ దేవుడికే తెలియాలి.

*

మా వారికి నమస్కారాలు.

కార్డే ముందు అందింది. అప్పటికే బాబాయిగారు బెల్టు బిగించేశారు. చుక్కలు లేకపోవడం చూసి ఆయన మొదట నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత టార్చిలైటు వేసి చూసి, "మురికి పోయాక కంపెనీ గీతలు అద్దంలా కనిపిస్తున్నాయి" అన్నారు. ఇంజినుని స్పానరుతో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, గీతకి గీత కలిసిందని అత్తయ్యగారికి చూపించారు. తలుపు సందులోంచి నేనూ చూశాను.

నిన్నటి ఉత్తరం చించమని కార్డులో రాశారు. నిన్న ఉత్తరమేదీ రాలేదు. ఇంట్లో ఉన్నది మీ మొదటి ఉత్తరం ఒక్కటే. దాన్ని దిండు కింద పెట్టుకున్నాను. మనసొప్పలేదు గానీ, మీరు చెప్పారు కదా అని కళ్లు మూసుకుని చించేశాను.

మర్నాడు బాబాయిగారు స్టార్టు చేసి చూద్దామని తాళం అడిగారు. సరిగ్గా అప్పుడే పోస్టుమాను మీ పెద్ద ఉత్తరం తెచ్చాడు. వెంటనే బెల్టు తీయించమన్నారు. తాళం బాబాయికి కూడా ఇవ్వొద్దన్నారు. మీరు దేని మీదా తేదీ వెయ్యలేదు. ఆఖరున వచ్చిందే ఆఖరి మాట అనుకుని తాళం కొంగున కట్టుకుని, తలుపు వెనకనుంచి మీ మాట చెప్పించాను.

"తీసెయ్యమంటోంది" అన్నారు అత్తయ్యగారు.

"ఏం తీసెయ్యాలి?"

"బెల్టు."

"ఏ బెల్టు?"

"నువ్వు వేసిందే. ఎన్ని వేశావేంటి?"

బాబాయిగారు స్పానరు మెట్టు మీద పెట్టేశారు. "ఇదేమన్నా జడా వదినా, నచ్చకపోతే విప్పి మళ్లీ అల్లడానికి?" అన్నారు. అన్నారు గానీ తీసేశారు. బండి ఇప్పుడు నోరు తెరుచుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
మీ మౌనమ్మ

తా.క. కొత్త బెల్టు మడవకూడదట, దానికి నూనె తగలకూడదట. అందుకని వంటింటికి దూరంగా ముందుగది గోడకి మేకు కొట్టి తగిలించాను. పక్కింటావిడ చూసి, "మీ ఆయన కొని పంపాడా? నీ నడుముకి వదులవుతుందేమో" అంది. సిగ్గేసి అవునన్నాను.

*

మౌనమ్మకి ఆశీస్సులు.

తల పట్టుకుని రాస్తున్నాను. కార్డే ఆఖరిది. బెల్టు వేయించు. ఆగు, వేయించకు. పాత బేరింగు మీదే వేయించావా? అది బిగుసుకుందంటే కొత్త బెల్టుని నాలుగు రోజుల్లో కొరికేస్తుంది. ఎలాగూ విప్పి ఉంది కాబట్టి బేరింగు కూడా మార్పించు. కానీ తొందరపడి కొనకు. బజారునిండా నకిలీ సరుకే. పాతదాని మీద నెంబరు ఉంటుంది. అది రాసి పంపు. ఫిట్టరుకి చూపించి నేను సరే అన్నాకే కొనాలి. అప్పటిదాకా బెల్టుని గోడమీదే ఉండనీ.

ఇట్లు,
నీ భర్త

తా.క. వచ్చేటప్పుడు నీ నడుముకి సరిపోయేది నిజంగానే తెస్తాను. పక్కింటావిడకి ధైర్యంగా చెప్పుకో.

*

మా వారికి నమస్కారాలు.

నెంబరు వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. అది తీసుకోవడానికి పెద్ద యుద్ధమే అయింది.

"బేరింగు మార్చాలట, ముందు నెంబరు కావాలట" అన్నారు అత్తయ్యగారు.

"మొదటిరోజే మొత్తుకున్నాను కదా బేరింగని! అప్పుడెందుకు వద్దన్నారు?"

నేను తలుపు వెనకనుంచి, "అప్పుడు ఉత్తరంలో బేరింగు లేదని చెప్పండి" అన్నాను. అత్తయ్యగారు, "అప్పుడు నీ మొహం చూస్తే నమ్మకం కలగలేదట" అని చెప్పారు.

బాబాయిగారు స్పానర్లన్నీ సంచిలో పడేశారు. "ఈ బండికి మెకానిక్కు నేనా, పోస్టుమానా? ఈ నెంబరు అక్కడికి పోయి, జవాబు ఇక్కడికి వచ్చేలోగా నీలం వ్యానువాడు పిల్లల్ని ఎక్కించుకుని మన గుమ్మం ముందే హారను కొట్టుకుంటూ పోతాడు. ఇక నేను ఉత్తరం మాటా వినను, నీ మాటా వినను వదినా. ఆ తలుపు వెనక ఉన్న అమ్మాయి నా ఎదటికొచ్చి తన నోటితో చెబితేనే మళ్లీ ఈ బండి మీద చెయ్యి వేస్తాను" అని విసవిసా వెళ్లిపోయారు.

పెద్ద టీచరు శనివారం వస్తారని కబురు వచ్చింది. మీ జవాబు అప్పటికి అందుతుందో లేదో. అందకపోతే నేనేం చెయ్యాలి? ఈ సంగతి కూడా జవాబులో రాయండి.

ఇట్లు,
మీ మౌనమ్మ

తా.క. నీలం వ్యానువాడు నిన్న మన ఇంటి ముందు నెమ్మదిగా పోతూ, విప్పి ఉన్న బండిని చూసి ఈల వేశాడు. అప్పుడే అత్తయ్యగారు బకెట్టుతో వీధిలో నీళ్లు చల్లారు. అతని కిటికీ తెరిచి ఉన్న సంగతి ఆవిడ గమనించలేదట. నేను అడిగితే అలాగే చెప్పమన్నారు.

*

మౌనమ్మకి ప్రేమతో ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ఫిట్టరు ఈసారి నవ్వలేదు. "బండి అక్కడ, స్టీరింగు ఇక్కడ పెట్టుకుని తోలుతున్నావు. గుంటలో పడక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. రాత్రంతా ఆలోచించాను. వాడన్నది నిజం. చీలికలు చూసింది నువ్వు. గీతలు కలవడం చూసింది నువ్వు. ఇంత దూరంలో కూర్చుని తీయ్, వెయ్ అంటున్నది నేను.

ఇక నన్ను ఏమీ అడగకు. బేరింగు కొంటావో మానతావో, బెల్టు ఎప్పుడు వేయిస్తావో నీకు తోచినట్టు చెయ్యి. నువ్వు ఏం చేసినా నాకు సమ్మతమే. పెద్ద టీచరు పిల్లల్ని మనకి ఇవ్వకపోయినా నిన్ను ఒక్క మాట అనను. నీ తెలివి మీద నాకు నమ్మకం ఉంది. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది.

ఇట్లు,
నీ భర్త

తా.క. ఇది నా ఆఖరి ఆజ్ఞ. పొల్లు పోకుండా పాటించు. ఇంతవరకు నా మాట జవదాటలేదు, ఇప్పుడూ దాటవని నాకు తెలుసు.

*

మా వారికి నమస్కారాలు.

మీ ఉత్తరం శుక్రవారం పొద్దున్నే అందింది. తెరవలేదు.

కోపం తెచ్చుకోకుండా పూర్తిగా చదవండి. ఉత్తరం చేతిలో పెట్టుకుని బండి దగ్గర కూర్చున్నాను. తెరిస్తే వెయ్యమని ఉంటుంది, లేదా తియ్యమని ఉంటుంది. ఏది ఉంటే అది చేసేస్తానని నాకు తెలుసు. చేశాక ఇంకో కార్డు వస్తుంది. మీ ఉత్తరం రాని రోజు బండి బాగుపడుతోంది, వచ్చిన రోజు విప్పుకుంటోంది. రేపు పెద్ద టీచరు వస్తారు. అందుకని ఉత్తరం పక్కన పెట్టి, బేరింగుని వేలితో తిప్పి చూశాను. ఇసుక నములుతున్నట్టు కరకరమంది. ఇంకెవరినీ అడగక్కర్లేదనిపించింది.

బాబాయిగారి షెడ్డుకి ఒక్కదాన్నే వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. నా అదృష్టం, ఆయన ఒక లారీ కింద పడుకుని ఉన్నారు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. మనిషితో కంటే కాళ్లతో మాట్లాడటం తేలిక.

"బాబాయిగారూ, బేరింగు మార్చండి. బెల్టు వెయ్యండి. మళ్లీ తియ్యమని అనను" అన్నాను.

లారీ కింద సుత్తి చప్పుడు ఆగింది. "ఎవరది?" అని వినిపించింది.

"నేనే. తలుపు వెనక అమ్మాయిని."

ఆయన గభాలున లేవబోయారు. లారీకి తల ఠంగుమని తగిలింది. అయినా నవ్వుతూనే బయటికొచ్చి, "నీకు గొంతు ఉందా తల్లీ! ఇన్నాళ్లూ మీ అత్తే నీకూ ఆవిడకీ కలిపి మాట్లాడుతోంది అనుకున్నాను" అన్నారు. వెంటనే వచ్చి పని మొదలుపెట్టారు. నేను పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకున్నాను. గీతలు కలిశాయో లేదో ఈసారి నన్నే చూసి చెప్పమన్నారు. కలిశాయని చెప్పాను. తర్వాత తాళం నా చేతిలోనే ఉంచి, న్యూట్రల్లో పెట్టి స్టార్టు చెయ్యడం నేర్పారు.

శనివారం పెద్ద టీచరు వచ్చి, "బండి ఎవరు చూపిస్తారు?" అని అడిగారు. అత్తయ్యగారు అలవాటు ప్రకారం తలుపు వెనక్కి చూశారు. నేను అక్కడ లేను. డ్రైవరు సీట్లో ఉన్నాను. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆవిడ చెవి పెట్టి విని, "బెల్టు మార్చారా?" అన్నారు.

"ఎన్నిసార్లని అడగండి" అన్నారు అత్తయ్యగారు.

పిల్లలు మనకే. రాసిచ్చి వెళ్లారు.

మీ మాట కాదని నేను ఒక పని చెయ్యడం ఇదే మొదటిసారి. భయంగానే ఉంది. తప్పయితే క్షమించండి. కానీ మళ్లీ ఇలాంటి పని పడితే మళ్లీ ఇలాగే చేస్తానేమో.

ఇట్లు,
మీ మౌనమ్మ

తా.క. అత్తయ్యగారు మీ ఉత్తరాన్ని ఎండకి అడ్డంగా పట్టి చూసి, "చాలా పొడుగ్గా రాశాడు, తిట్లే అయ్యుంటాయి" అన్నారు. దాన్ని అంటించినది అంటించినట్టే దాచాను. మీరు వచ్చాక మీరే విప్పి చదవండి. ఎన్ని తిట్లు ఉన్నా సరే, ఎదురుగా నిలబడే వింటాను.